అంగీ వాసన

మా ఆయన పెళ్లిళ్లకు వంట చేస్తాడు. పెళ్లింటి నుంచి వచ్చిన మర్నాడు, ఆయన అంగీని నానబెట్టే ముందు నేను దాన్ని ఒకసారి వాసన చూస్తాను. కాపురానికి వచ్చిన కొత్తలో చిరాకుతో మొదలైన అలవాటు అది. పొగ, మసాలా, నెయ్యి, చెమట అన్నీ కలిసిన అంగీని రెండు వేళ్లతో పట్టుకుని, "ఏడికెల్లి తెస్తవయ్యా గీ కంపు?" అని తిట్టేదాన్ని. "తిట్టుడు కాదు, ఏం వండిన్నో చెప్పు చూద్దాం" అనేవాడు. చెప్పేదాన్ని. బగారన్నం, యాట మాంసం కూర, పప్పు దాల్చా. దాల్చాలో సొరకాయ పడింది. ఉల్లిగడ్డ కొంచెం ఎక్కువ వేగింది. ఆయన మంచం మీద లేచి కూర్చునేవాడు. "పోలీసు కుక్కకు గూడ ఉండదే గీ ముక్కు!" అనేవాడు.

ఇన్నేళ్ల కాపురంలో మేం సినిమాలకు పోయింది తక్కువ, షికార్లు అసలే లేవు. మా సరదా అంటే ఆ అంగీయే. పిల్లలు పెద్దవాళ్లయి ఎవరి ఇళ్లకు వాళ్లు పోయాక కూడా అది ఆగలేదు.

మేముండేది వనపర్తిలో. దూదేకులవాళ్లం. నమాజు, రంజాను అన్నీ ఉన్నా ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. నేను చీరలకు ఫాల్స్ కుడతాను, గద్వాల చీరల కొంగులకు కుచ్చులు వేస్తాను. నా పని కళ్లతో, వేళ్లతో. ఆయన పని ముక్కుతో. ఇది ఉత్తుత్తి మాట కాదు. ఆయన వంట చేసేటప్పుడు రుచి చూడడు. హిందువుల పెళ్లయితే ఇంటి దేవుడికి, పోయిన పెద్దలకు పళ్లెం పెట్టేదాకా వండినవాడు నోట్లో పెట్టుకోకూడదు. మావాళ్ల పెళ్లయితే ఫాతెహా చదివేదాకా అంతే. ముందే రుచి చూస్తే ఎంగిలి. ఆయనకు పని నేర్పిన ఉస్తాద్ చేతిలో గరిటె ఉన్నా పెదవి దాకా పోనిచ్చేవాడు కాదట. మూత సందులోంచి వచ్చే ఆవిరిని చేత్తో ముఖం మీదికి తోసుకుని, మసాలా పచ్చిగా ఉందా, ముక్క ఉడికిందా, అన్నం దమ్ము మీదికి వచ్చిందా అన్నీ చెప్పేవాడట. మా ఆయనా అంతే. గడియారం చూసి వండొచ్చు కదా అని నేనే ఒకప్పుడు అన్నాను. ఒక ఊళ్లో కట్టె పచ్చిగా ఉంటుంది, ఒక ఊళ్లో బియ్యం కొత్తవి ఉంటాయి, గడియారానికి అవేం తెలుసు అన్నాడు.

పోయిన చలికాలం ఆయనకు జ్వరం వచ్చింది. సర్ది చేసి ఛాతీ పట్టేసింది. మందులు వాడితే తగ్గిపోయింది. దాని గురించి నేను మళ్లీ ఆలోచించలేదు. పెళ్లిళ్ల కాలం రాగానే తిమ్మాజిపేట పక్కన ఒక ఊళ్లో వంటకు పోయి వచ్చాడు. పొద్దున అంగీ చేతిలోకి తీసుకోగానే నాకు మాడు వాసన గుప్పుమంది. చిన్న మాడు కాదు, గుండిగ అడుగు నల్లబడిన వాసన.

"అన్నం అడుగంటిందా?" అని అడిగాను.

"లేదు. మంచిగనే ఒచ్చిందిగా" అన్నాడు.

ఆయన అబద్ధం చెబితే నాకు తెలుస్తుంది, చెవి గోక్కుంటాడు. ఆ రోజు గోక్కోలేదు. నిజంగానే ఏమీ కాలేదని అనుకుంటున్నాడు. మధ్యాహ్నం పెళ్లివాళ్ల నుంచి ఫోన్ వచ్చింది. ఆయన వసారాలో నిలబడి మాట్లాడుతుంటే అవతలి గొంతు నాకు వినబడుతూనే ఉంది. పెద్ద పెద్ద గొంతు. పైనున్న అన్నం తీసి ఎట్లాగో మర్యాద కాపాడుకున్నాం గానీ ఏంటన్నా నీ వంట గట్లయింది అని అడుగుతున్నాడు. మా ఆయన "ఆఁ... ఆఁ..." అంటున్నాడు తప్ప ఇంకో మాట లేదు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అటే తిరిగి నిలబడ్డాడు. నాకు ఆయన వీపే కనబడింది. నేను పోయి కుట్టుమిషను ముందు కూర్చున్నాను.

రెండు రోజులాగి ఒక పని చేశాను. ఆయన వంటింటి గడపలో కూర్చుని ఫోన్ చూసుకుంటుంటే పాలు పొయ్యి మీద పెట్టి ఊరికే వదిలేశాను. పాలు పొంగాయి, కారాయి, మాడాయి. పక్కింటామె గోడ మీదుగా "ఏందమ్మా, పాలు మాడుతున్నయా?" అని కేకేసింది. అప్పుడు మా ఆయన ఉలిక్కిపడి తల ఎత్తాడు. ముందు నన్ను చూశాడు, తర్వాత పొయ్యిని చూశాడు.

ఆ రోజు నుంచి ప్రతి రాత్రీ పడుకునే ముందు గ్యాసు బండ మూత తిప్పి కట్టేసి వస్తున్నాను. ఆయన ఇంట్లో ఒక్కడే ఉంటాడంటే నాకు బయట కాలు నిలవదు. అయినా నోరు విప్పి అడగలేకపోయాను. ముక్కు మీద బతికే మనిషిని పట్టుకుని నీకు వాసన రావట్లేదా అని ఎట్లా అడుగుతాను? ఆయనా చెప్పలేదు. ఒకే ఇంట్లో ఇద్దరం ఒకే సంగతిని చెరో మూలకు పెట్టుకుని తిరిగాం.

అంతలో కోడేరు పెళ్లి వచ్చింది. పెద్ద రైతు ఇల్లు. వాళ్ల పెద్దబిడ్డ పెళ్లికి ఈయనే వండాడు, ఇప్పుడు చిన్నబిడ్డ పెళ్లి. ఊరు ఊరంతా వస్తారు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ వస్తారు. ఒప్పుకోడనే అనుకున్నాను. ఒప్పుకున్నాడు. బేస్తవారం దావత్. ఒప్పుకున్న నాటి నుంచి ఆయన ఏమీ జరగనట్టే గరిటెలు తోమించుకుంటుంటే నాకు ఒళ్లు మండింది. ఈ మనిషికి ధైర్యం ఎక్కువా, బుద్ధి తక్కువా?

దావత్‌కు ముందు శుక్రవారం నమాజుకు పోయి వచ్చి, టోపీ తీస్తూ అన్నాడు.

"రేపు పట్నం పోదాం పా. రెండు దినాలుండి ఒద్దాం."

"ఏం పని?"

"పనేం లేదు. తిందాం. ఆడ మంచిగ తిని ఒద్దాం."

వంటవాడు బయటి వంట తినడు అని మా ఆయన నియమం. బస్టాండు దగ్గర మిర్చి బజ్జీ కూడా ముట్టడు. అట్లాంటి మనిషి కోడేరు పెళ్లి నెత్తిన పెట్టుకుని నన్ను హైదరాబాదుకు తిండికి తీసుకుపోతానంటున్నాడు. ఏదన్నా పెద్ద దవాఖానకు పోతున్నాడా? లేక ఘాటైన వంటలు తిని తన ముక్కును తనే పరీక్ష చేసుకుందామనుకుంటున్నాడా? సరే అన్నాను. వద్దంటే ఒక్కడే పోతాడని భయం.

శనివారం పొద్దున బస్సెక్కాం. కిటికీ పక్క నేను, ఇటు ఆయన. దారి పొడుగునా నేను బయటకు చూసింది లేదు, ఆయన ముఖమే చూశాను. ముందు సీటులో ఒకామె డబ్బా తెరిచి జొన్నరొట్టె, వెల్లుల్లి కారం తింటోంది. బస్సంతా ఆ వాసనే. నాకు నోరూరింది, ఈయనకు చీమ కుట్టినట్టు కూడా లేదు. జడ్చర్ల దాటాక వెనక ఎవరి పిల్లకో కడుపులో తిప్పి వాంతి అయ్యింది. అందరూ ముక్కులు మూసుకున్నారు. నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆయన నా వైపు చూసి, అప్పుడు గుర్తొచ్చినట్టు తువ్వాల తీసి ముక్కుకు పెట్టుకున్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వాసనకు అనుకుని ఆయన కిటికీ ఇంకాస్త తెరిచాడు.

పట్నంలో దిగి నయాపూల్ మీదుగా చార్మినార్ వైపు నడిచాం. మొదట ఒక ఇరానీ హోటల్లో కూర్చున్నాం. చాయ్ వచ్చింది. ఆయన కప్పు ముందుకు తీసుకోకుండా నా వైపు జరిపాడు.

"ఎట్లుంది?"

"తాగి చూస్తే తెలుస్తది. నీ కప్పు నీకుందిగా."

"నువ్వు చెప్పు ముందు."

"చాయ్ లెక్కనే ఉంది" అన్నాను కోపంగా. ఆయన కదల్లేదు. చూస్తూనే ఉన్నాడు. ఇక తప్పక మళ్లీ వాసన చూసి చెప్పాను. ఆకు చాలాసేపు మరిగింది. పాలు వేరే కాచి పోశారు, అడుగు కొంచెం ఎర్రబడిన పాలు. యాలక్కాయ లేదు. ఆయన తల ఊపి, అప్పుడు తన కప్పు తీసుకుని తాగాడు. "అవు" అన్నాడు. ఏమని అవు? నేను చెప్పినదాన్ని చిలక పలుకులా అప్పజెప్పి, తనకూ తెలిసినట్టు నాకు చూపెట్టుకుంటున్నాడు అనుకున్నాను. జాలి వేసింది. జాలితో పాటు కోపం కూడా వచ్చింది. నా దగ్గర కూడా నటించాలా?

అక్కడి నుంచి అట్లాగే నడిచింది. ఉస్మానియా బిస్కట్ విరిచి నాకు ఇచ్చాడు, ఏముందన్నాడు. వీధిలో కాలుతున్న కబాబుల ముందు నిలబెట్టి, ఏ మాంసం, ఏం పూశారు అన్నాడు. అత్తరు దుకాణం కనబడితే లోపలికి లాక్కుపోయాడు. దుకాణం ఆయన గాజు పుల్లతో నా చేతి మీద చుక్కలు పెడుతుంటే మా ఆయన పక్కన నిలబడి "గిదేంది? గిదేంది?" అని ఒకటే అడుగుడు. మొగలి, మల్లె, తర్వాత ఒకటి, తొలకరికి తడిసిన మట్టి. మట్టి అని చెప్పగానే దుకాణం ఆయన "వాహ్" అన్నాడు. మా ఆయన నా చేతిని పట్టుకుని తన ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గట్టిగా పీల్చాడు. ముఖంలో ఏ మార్పూ లేదు. "మస్తుంది" అన్నాడు, నా కళ్లలోకి చూడకుండా. చెవి గోక్కున్నాడు.

ఆ బజారు మధ్యలో నాకు ఏడుపు ఆగదేమో అనిపించింది. గాజులు చూస్తానని వేరే వైపు తిరిగాను.

మధ్యాహ్నం బిర్యానీకి ఒక హోటల్లోకి పోయాం. పెద్దదేం కాదు, సందులో ఉంది. జనం మాత్రం బాగానే ఉన్నారు. పళ్లెం వచ్చింది. పొగలు కక్కుతోంది. పైన కొత్తిమీర, వేయించిన ఉల్లిగడ్డ, అంతా చూడముచ్చటగా ఉంది. పొద్దుటి నుంచీ నన్ను అడుగుతూ వచ్చిన మనిషి ఆకలికి ఆగలేకపోయాడేమో, ఈసారి అడగలేదు. ముక్క తుంచి అన్నంలో కలిపి ముద్ద ఎత్తాడు. అప్పుడే ఆవిరి నా వైపు తిరిగింది. మసాలా కింద, నిమ్మకాయ కింద, పులిసిన మాంసం వాసన. ఎండలో మిగిలిపోయిన మాంసాన్ని కడిగి మళ్లీ వేడి చేస్తే వచ్చే వాసన.

ఆయన చేయి పట్టుకున్నాను. "తినకు."

"ఎందుకు?"

"ముక్క మంచిగ లేదు."

"పక్కానా?"

"వాసన చూడు నువ్వే!" అన్నాను. ఆ మాట నోట్లోంచి జారిపోయింది. ఆయన ముద్దను పళ్లెంలో పెట్టేసి నన్నే చూస్తూ కూర్చున్నాడు.

తెచ్చినతను ఒప్పుకోలేదు. పొద్దున కోసిన మాంసం అన్నాడు. పక్క బల్లవాళ్లు మమ్మల్ని ఊరోళ్ల కింద లెక్కకట్టి నవ్వారు. గల్లా దగ్గరున్న పెద్దాయన లేచి వచ్చి, పళ్లెం ఎత్తి వాసన చూసి, ముక్క విరిచి చూసి, మారు మాట్లాడకుండా లోపలికి పంపేశాడు. తర్వాత మా దగ్గరికి వచ్చి మాఫ్ చేయమన్నాడు. పక్క బల్ల మీద నవ్వు ఆగిపోయింది.

ఇంకో మనిషయితే గర్వపడేదేమో. నాకు భయం వేసింది. ఆయన ఆ ముద్ద నోట్లో పెట్టుకునేవాడు. ఆయనకు తెలిసేది కాదు. బేస్తవారం కోడేరులో తెల్లవారుజామున మాంసం వస్తుంది, ఈయన చూసి సరే అంటాడు, గుండిగలోకి పోతుంది, ముసలివాళ్లు, పసిపిల్లలు, కడుపుతో ఉన్నవాళ్లు తింటారు. అన్నం మాడితే పేరు పోతుంది. పేరు పోతే పోనీ. మాంసం చెడితే? నాకు ఆ పెళ్లి పందిరి కళ్ల ముందు నిలబడింది. మా ఆయనేమో మెరుస్తున్న కళ్లతో కొత్త పళ్లెం తెమ్మంటున్నాడు. సంతోషంగా ఉన్నాడు! ఆ సంతోషం చూసి నాకు చెంప పగలగొట్టాలనిపించింది.

బయటికి వచ్చాక అన్నాను. "కోడేరోళ్లకు ఫోన్ చెయ్యి. ఒద్దని చెప్పు."

"ఎందుకు ఒద్దు?"

"ఎందుకో నీకు ఎర్క లేదా?"

"జర ఆగు. రేపు మాట్లాడుదాం" అన్నాడు. ఆ రోజు లాడ్జిలో నాకు కునుకు పడలేదు. ఆయన మాత్రం గురకపెట్టి నిద్రపోయాడు.

ఆదివారం పొద్దున్నే నిహారీ తినడానికి తీసుకుపోయాడు. గొర్రె కాళ్లను మసాలా మూటతో పాటు రాత్రంతా ఉడికించే పులుసు అది. కుల్చా రొట్టెతో తింటారు. చలిగాలిలో జనం గిన్నెల మీద వంగి తింటున్నారు. మా ముందు గిన్నె పెట్టారు. మళ్లీ మొదలుపెట్టాడు.

"మూటల ఏమేం కట్టిండ్రో చెప్పు."

"నేను చెప్ప."

"చెప్పవే. ఒక్కసారి."

విసుగుతో ఏకరువు పెట్టాను. లవంగం, సోపు, రాతిపువ్వు, వట్టివేరు, ఎండిన గులాబీ రేకులు. "ఇంకా?" అన్నాడు కళ్లు మూసుకుని. శొంఠి ఉంది, పిప్పలి ఉంది. "ఇంకా?" ఒకటి నాకు పేరు తెలియదు, మా అమ్మ బాలింతలకు వేసే కాయంలో ఉండే వాసన. ఆయన కళ్లు తెరిచాడు. ముఖం మీద ఒక పెద్ద బరువు దించుకున్నట్టుంది.

"నువ్వు చెప్పయ్యా ఇగ. నీకేం ఒస్తుంది?" అన్నాను. గొంతు నాకే కరుగ్గా వినబడింది.

"నాకేం రాదు" అన్నాడు.

అంత మామూలుగా అన్నాడు. రొట్టె తుంచుతూ అన్నాడు.

"జరం ఒచ్చినప్పటి సంది ఏం రాదు. ఉప్పు, పులుపు, కారం నాలికకు తెలుస్తయి. కడమది అంత మన్ను తిన్నట్టే. పాలమూర్ల డాక్టరుకు చూపిచ్చుకున్న. వస్తే రావచ్చు, రాకుంటే లేదు, ఇంతని చెప్పలేం అన్నడు."

"నాకు ఎర్కనే" అన్నాను.

"నీకు ఎర్కనే అని నాకూ ఎర్కనే. అంగీ నాడే తెలిసింది. పాలు గూడ నువ్వు కావాలనే మాడవెట్టినవు."

"మరెందుకు చెప్పలే?"

"నువ్వెందుకు అడగలే?"

నిహారీ మీద కొవ్వు పేరుకుంటోంది. ఆయన నా గిన్నెను దగ్గరికి జరిపి, తినమన్నట్టు చూశాడు.

"మరి నన్ను గీడికి ఎందుకు తెచ్చినవు? పరేషాన్ చేయనీకా?"

"చూద్దామని."

"ఏం చూద్దామని?"

"నా అంగీ నీకు అలవాటు. నేనేం వండుతనో నీకు ముందే ఎర్క. పరాయి వంటల గూడ పడతవో లేదో చూద్దామని తెచ్చిన." రొట్టె పక్కన పెట్టాడు. "కోడేరుకు నువ్వు రావాలె. వంట భట్టీ కాడికి."

పొద్దుటి నుంచీ, కాదు నిన్న బస్సెక్కినప్పటి నుంచీ, నేను ఆయన ముఖంలో ఆయన ముక్కును వెతుకుతున్నాను. ఆయన నా ముఖంలో నా ముక్కును చూస్తున్నాడు. హోటల్లో ఆ మెరిసిన కళ్లు, ఆ సంతోషం ఎందుకో అప్పుడు అర్థమైంది. అర్థం కాగానే నా భయం పోవాలి. పోలేదు. అప్పటిదాకా భయం ఆయన కోసం. ఇప్పుడది తిన్నగా వచ్చి నా నెత్తిన కూర్చుంది.

"నీకు మతి పోయిందా? ఆడోళ్లు భట్టీ కాడ నిలవడ్తరా యాడన్న? నీ పనోళ్లేమంటరు?"

"ఏమన్న అననీ. పనోళ్లకు సంగతి చెప్తే సాయంత్రానికి గద్వాల దాక పోతది. నీకైతేనే చెప్తనే నేను."

తిరుగు బస్సెక్కాం. దారిలో ఎక్కడో పొలంలో చెత్త తగలబెడుతున్నారు. వేపాకు అన్నాను, నాకు నేనే. ఆయన తల ఊపాడు.

బేస్తవారం దాకా నాకు అన్నం సయించలేదు. తుమ్ము వస్తే గుండె గుభేలుమనేది. చన్నీళ్లు తాగలేదు, తలస్నానం చేయలేదు. సర్ది చేస్తే ఏం గతి? కుట్టుమిషను ముందు కూర్చుంటే కుట్లు వంకరపోయాయి.

కోడేరు చేరేసరికి ఇంకా తెల్లవారలేదు. పెళ్లింటి వెనక ఖాళీ జాగాలో కట్టెల భట్టీలు తవ్వి ఉన్నాయి. ఆయన దగ్గర ఏళ్ల తరబడి పనిచేస్తున్న పెద్దమనిషి ఒకాయన నన్ను చూసి "వదినె ఎందుకొచ్చింది?" అని అడిగాడు. "నా పాణం మంచిగ లేదు, తోడుకొచ్చింది" అన్నాడు ఈయన, చెవి గోక్కుంటూ. మాంసం వచ్చింది. దగ్గరికి పోయాను. కొంగు సర్దుకున్నట్టు వంగి చూశాను. మంచి మాంసం, పాలు మరవని యాట. తల ఊపాను. ఈయన "కానియ్యుండ్రి" అన్నాడు. కూర వరకు ఏమీ ఇబ్బంది లేదు. అల్లం, వెల్లుల్లి పచ్చి వాసన పోయినప్పుడు దగ్గాను. అదే మా గుర్తు. ఆయన ధనియాల పొడి వేయించాడు.

అసలు కష్టం బగారన్నానికి వచ్చింది. ఎసట్లో బియ్యం పోసి, నీళ్లు ఇంకాక మూత పెట్టి, చుట్టూ పిండి పూసి మూత మీద నిప్పులు పోశారు. ఇక లోపల ఏం జరుగుతోందో చూసే దారి లేదు. అంచులో వదిలిన చిన్న సందులోంచి వచ్చే ఆవిరే సాక్షి. మూత ముందు తీస్తే పలుకు, ఆలస్యమైతే మాడు. గాలి తిరిగింది. తుమ్మ కట్టె పొగ అంతా మా మీదికి కొట్టింది. నేను ఆవిరి దగ్గరికి వంగాను. పొగ తప్ప ఏమీ లేదు. మళ్లీ వంగాను. పొగే. కళ్లు మండి, ముక్కు కారుతోంది. నాకు ఏ వాసనా రావట్లేదు! ఆయన అటు గరిటె పట్టుకుని నన్నే చూస్తున్నాడు. ఆ పెద్దమనిషి కూడా చూస్తున్నాడు. పందిట్లో బ్యాండు మొదలైంది. వియ్యాలవారు దిగుతున్నారు. చిన్నబిడ్డ పెళ్లి, ఊరంతటి అన్నం, నా చేతుల్లో, నా మూసుకుపోయిన ముక్కులో ఉంది.

అప్పుడు ఆయన భుజం మీద తువ్వాల కనబడింది. లాక్కున్నాను. దాన్ని ఆవిరి వచ్చే సందు మీద పట్టి, తడిసేదాకా ఉంచి, మడిచి గుప్పిట్లో పట్టుకుని గోడ వెనక్కి, పొగ లేని చోటికి పరుగెత్తాను. అక్కడ బోళ్లు కడిగే ఆడవాళ్లు నన్ను వింతగా చూశారు. ముక్కు చీది, కొంగుతో తుడుచుకుని, తువ్వాల విప్పి ముఖానికి పెట్టుకున్నాను. పెళ్లింటి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున మా ఇంటి వాకిట్లో ఉన్నట్టే అనిపించింది. ముందు ఆయన చెమట. తర్వాత నెయ్యి, పుదీనా, సాజీర. అన్నం ఉడికిన తీపి. వాటన్నిటి వెనక సన్నగా, అప్పుడే వేగడం మొదలైన పల్లీల వాసన. మాడు కాదు. మాడుకు ముందు వచ్చేది.

వచ్చి ఆయన దగ్గర నిలబడ్డాను. దగ్గాలి కదా, మరిచిపోయాను.

"దించు. ఇప్పుడే దించు" అన్నాను, అందరికీ వినబడేటట్టు.

పెద్దమనిషి "ఇంక టైం పట్టదా అన్నా?" అన్నాడు. మా ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "కింద కట్టెలు గుంజుండ్రి. దించుండ్రి" అన్నాడు. మూత తీశాక మెతుకు మెతుకు విడివిడిగా నిలబడింది. పెద్దమనిషి ఒకసారి అన్నాన్ని, ఒకసారి నన్ను, ఒకసారి నా చేతిలో తువ్వాలను చూశాడు. ఏమీ అడగలేదు. రెండో గుండిగ ఎక్కించేటప్పుడు ఉతికిన తువ్వాల ఒకటి తెచ్చి నా చేతికి ఇచ్చాడు.

ఎవరికీ ఏమీ కాలేదు. అందరూ తిన్నారు. మర్నాడు కూడా ఏ ఫోనూ రాలేదు. వస్తుందేమోనని పొద్దున్నుంచీ ఫోను పక్కనే పెట్టుకుని కూర్చున్నది నేనే.

ఎండ ఎక్కాక బకెట్లో నీళ్లు పట్టాను. ఆయన అంగీ, నా చీర, రెండూ గట్టు మీద వేశాను. అంగీ వాసన చూడలేదు. చూడడానికేముంది, అక్కడే ఉన్నానుగా. ఆయన వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. నా చీర కొంగు చేతిలోకి తీసుకుని, ముక్కుకు ఆనించుకుని, కళ్లు మూసుకున్నాడు. నేను చెంబు పట్టుకుని నిలబడిపోయాను. వస్తే రావచ్చు అన్నాడు కదా డాక్టరు. ఆయన చాలాసేపు అట్లాగే ఉన్నాడు.

"ఏమన్న ఒచ్చిందా?" అని అడిగాను.

తల అడ్డంగా ఊపాడు. కొంగు మాత్రం వదల్లేదు.

"నువ్వు చెప్పు" అన్నాడు.

చెంబు కింద పెట్టి ఆయన పక్కన కూర్చున్నాను. కొంగు రెండో కొస అందుకున్నాను.

"ముందుగాల పొగ" అని మొదలుపెట్టాను.